అవార్డొచ్చిన గల్లీలో అవ్వ తొట్టి

మా ఊరికి అవార్డు వచ్చిన సంగతి నాకు ఏడుపు గొంతుతో తెలిసింది. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, ఎక్కడ పొంగుతాయోనని కాపలా కాస్తూ నిలబడ్డాను. జరగని దాని కోసం ముందే భయపడటం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. ఫోన్ మోగింది. తాండూరు నుంచి మా తమ్ముడి భార్య యాదమ్మ. "వదినె, మనూరికి ఢిల్లీల అవార్డొచ్చింది. దేశంల సాఫ్‌గ ఉన్న చిన్న ఊర్లల్ల మనది గూడ ఉన్నదట" అంది. "మంచిదే గద యాదమ్మా" అని నేననేలోపే అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "ఏం మంచి వదినె! మన గల్లీ సూడనీకి రేపు ఢిల్లీ నుంచి మనుషులొస్తరట. అవ్వ తొట్టి తీసెయ్యాలె అంటున్నరు. నువ్వొచ్చి జర మాట్లాడు" అంది. ఇటు పాలు పొంగి పొయ్యంతా పారాయి.

పెళ్లయినప్పటి నుంచి నేను వికారాబాదులోనే ఉంటున్నాను. ఇక్కడి బడిలోనే తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఈ ఊరివాళ్లకు అనంతగిరి గాలి తమ తాతలు సంపాదించిపెట్టిన ఆస్తి అన్నంత గర్వం. తాండూరు పేరెత్తితే చాలు, బండల పాలిష్ షెడ్ల దుమ్ము, లారీల దుమ్ము అంటూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. ఆ పొద్దున పక్కింటావిడ గోడ మీదుగా "ఏం టీచరమ్మా, మీ దుమ్మూరికి అవార్డంట!" అన్నప్పుడు నేను గర్వంగా తలెత్తుకోవాల్సింది. నవ్వాను కూడా. కాని అది పైపై నవ్వే. తొట్టి పోతుందన్న బాధ సరే, అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. ఆ తొట్టి దగ్గర చిన్నప్పుడు నేనొక తప్పు చేసి అబద్ధమాడాను. శిక్ష మా ఎదురింటి హుస్సేన్‌బీ అనుభవించింది. ఆమె ఇప్పుడు లేదు. ఆమె కూతురు మహమూదా ఇప్పటికీ ఆ ఎదురింట్లోనే ఉంది. తొట్టి కోసం మాట్లాడాలంటే మహమూదా గుమ్మం ముందు నిలబడే మాట్లాడాలి. తొట్టిని తీసేయనిస్తే ఇక నా తప్పు చెప్పుకునే చోటు కూడా ఉండదు. ఏం చేయాలో తోచకుండానే తాండూరు పోయే బండి ఎక్కాను.

ధారూరు దాటాక కిటికీ బయట కందిచేలు కనిపించాయి. చేల చుట్టూ నిలువుగా పాతిన నాపరాళ్లు. మా వైపు అన్నిటికీ బండే. ఇంటి గోడ బండ, పైకప్పు బండ, అరుగు బండ, బట్టలుతికేది బండ. అవ్వ తొట్టి కూడా బండలతో కట్టిందే. మా నాన్న తల్లిని మేమంతా అవ్వ అనేవాళ్లం. యాలాల్ దిక్కున గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టింది. తాండూరులో కాపురానికి వచ్చాక గొర్రెలు పోయి బర్రెలు వచ్చాయిగాని ఆమె నడకలో మంద వెనకాల నడిచే వేగం మాత్రం పోలేదు. తాత, బండల గనిలో పనిచేసే మేస్త్రీని పిలిపించి, అడుగున ఒక పెద్ద బండ పరిచి, నాలుగు పక్కలా నాలుగు బండలు నిలబెట్టి, సందులు సున్నంతో పూడ్పించి ఆ తొట్టి కట్టించాడట. దాన్ని వాకిట్లో కాకుండా ఇంటి ముందర, గల్లీలోకి పెట్టించింది మాత్రం అవ్వే. లోపల పెడితే మన ఇంటి కుడితే పడుతుంది, బయట పెడితే గల్లీ అంతటి కుడితీ పడుతుందని ఆమె లెక్క.

పొద్దున్నే అవ్వ లేచి కొంగు నడుముకు చుట్టుకుని, పేడ ఎత్తి, కొట్టం ఊడ్చి, పొయ్యి రాజేసేది. పొయ్యి మీద ఎసరు మరిగేలోపు దాల్ మిల్లు నుంచి తెచ్చిన కందిపొట్టు ఇంత, తవుడు ఇంత తొట్టిలో వేసి నీళ్లు పోసేది. తడిసిన కందిపొట్టు వాసన, పక్క షెడ్డులో కోస్తున్న బండల తడి వాసన, అవ్వ ఒంటి మీది తంబాకు వాసన కలిసి మా ఇంటి పొద్దులయ్యాయి. ఎండ అరుగెక్కే సరికి గల్లీలో ఆడవాళ్లు ఒక్కొక్కరే బకెట్లు పట్టుకుని వచ్చేవాళ్లు. బియ్యం కడుగు, గంజి, సొరకాయ చెక్కు, వంకాయ తొడిమెలు, పిల్లలు వదిలేసిన రొట్టె ముక్కలు అన్నీ తొట్టిలోకే. బదులుగా అవ్వ సల్ల చిలికిన రోజు ఇంటింటికీ ఒక చెంబు సల్ల పంపేది. మేం దాన్ని మజ్జిగ అనం, సల్ల అంటాం. నా పని ఆ చెంబులు మోయడమే. మా గల్లీలో చెత్తకుప్ప అన్నది నేను చూడలేదు. పారేయడానికి ఎవరింట్లోనూ ఏమీ మిగిలేది కాదు.

అవ్వకు ఒకటే పట్టింపు. ఎప్పుడో ఒక బర్రె కడుపులోకి గాజు పెంకు పోయి చచ్చిందట. అప్పటి నుంచి కుడితి తెచ్చినవాళ్లు ఎవరైనా సరే, బకెట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగంతా కలియబెట్టి, సూదీ పెంకూ ఏమీ లేదని చూసుకున్నాకే తొట్టిలో పోయాలి. కర్రతో కలిపితే ఒప్పుకునేది కాదు. "కట్టెకు తెల్వది, చేతికి తెలుస్తది" అనేది. బకెట్ చప్పుడు వినబడగానే లోపలి నుంచి "సూసినవా?" అని అరిచేది. బయటి నుంచి "సూసిన అవ్వా" అన్న జవాబు రావాలి. కిరాణా దుకాణం ఇంటావిడ కూడా బంగారు గాజులు పైకి తోసుకుని చెయ్యి పెట్టేది. ఆ మాట మీద అవ్వకు ఎంత నమ్మకమంటే, జవాబు వినబడ్డాక బయటికి వచ్చి చూసేది కాదు.

హుస్సేన్‌బీకి మాత్రం ఆ ప్రశ్న కూడా అక్కర్లేకపోయేది. ఆమె భర్త బండలు కోసే పనికి పోయేవాడు. ఆమె పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కుడితి తెచ్చేది. అవ్వ అడగకముందే "సూసిన అవ్వా, దో బార్, రెండుసార్లు సూసిన" అని నవ్వేది. పని అయ్యాక మా అరుగు మీద కూర్చుని అవ్వ తంబాకు డబ్బీలోంచి చిటికెడు తీసుకునేది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో గాని గంటలు గడిచేవి. నేనూ మహమూదా ఒకే పలకతో రాసుకునేవాళ్లం. మాకు సల్ల చెంబు పోతే వాళ్లింటి నుంచి ఖట్టా దాల్ గిన్నె వచ్చేది. ఆ గిన్నె ఖాళీగా తిరిగి ఇచ్చిన గుర్తు లేదు.

ఇంత మంచి తొట్టి అంటే నాకు సిగ్గుగా ఉండేది. ఎండాకాలం దాని పులుపు వాసన గల్లీ మొదటి దాకా వచ్చేది. బళ్లో నా బెంచీ పిల్లలు "కుడిదోళ్ల బాలమణి" అని పేరు పెట్టారు. నేను వచ్చి కూర్చోగానే ముక్కు మూసుకునేవాళ్లు. ఇంటికి వచ్చి ఏడిస్తే అవ్వ నవ్వి, "పాలు తాగేటప్పుడు వాసనొస్తదా అని అడుగు వాళ్లను" అనేది. పిల్లల బాధ పెద్దవాళ్లకు నవ్వులాటగానే ఉంటుంది. నేను టీచరయ్యాక కూడా అలా ఎందరు పిల్లల బాధలను నవ్వి తోసేశానో తెలియదు.

ఆ రోజుల్లో మా గల్లీకి నల్లా లేదు. ఆడవాళ్లు బిందెలతో దూరపు బావికి పోయేవాళ్లు. ఊళ్లో అన్నిటికంటే శుభ్రంగా ఉన్న గల్లీకి ముందు నల్లా వేస్తామని, చూడటానికి పెద్ద ఆఫీసరు వస్తాడని చెప్పారు. అంతే, మా గల్లీకి పూనకం వచ్చింది. గోడలకు సున్నాలు, గడపలకు ఎర్రటి జాజు, మురుగు పారే మోరీల చుట్టూ ఊడ్పులు. తొట్టిని ఒక్కరోజుకు ఖాళీ చేయమని అందరూ అవ్వను బతిమాలారు. ఆమె ససేమిరా అంది. "నా బర్రె సూడిది. ఎనిమిదో నెల. దాని కడుపు ఆఫీసరొస్తుండని ఆగుతదా?" అంది. అందరూ నసుగుతూ వెళ్లిపోయారు. నల్లా పోతే ఆ పాపం మా ఇంటిదే అవుతుందని, బళ్లో ఇంకేం పేరు పెడతారోనని నాకు అన్నం సహించలేదు.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున, మోరీల దగ్గర పురుగుల మందు చల్లే మనుషులు ఇంటింటికీ ఒక పొట్లం ఇచ్చారు. తెల్లటి పొడి. గమాక్సిన్ అనేవాళ్లు. మోరీ చుట్టూ చల్లమని, పిల్లల్ని ముట్టనివ్వద్దని చెప్పి మరీ ఇచ్చారు. అవ్వ దాన్ని గూట్లో పెట్టింది. మధ్యాహ్నం హుస్సేన్‌బీ వచ్చి కుడితి పోసి వెళ్లింది. ఆ రోజు వాళ్ల ఇంటికి సున్నం వేస్తోంది. చేతులు తెల్లగా ఉన్నాయని నాతో చెప్పి నవ్వింది. ఆమె వెళ్లాక నేను గూట్లోంచి పొట్లం తీసి సగానికి పైగా తొట్టిలో పోశాను. మోరీ వాసనను చంపే మందు కుడితి వాసనను చంపదా అన్నది నా తెలివి. కర్రతో తిప్పాను. చప్పుడు విని లోపలి నుంచి అవ్వ "ఎవరు? సూసినవా?" అని అరిచింది. "నేనే అవ్వా, సూసిన" అన్నాను. చెయ్యి తడి కూడా కాలేదు.

ఆఫీసరు వచ్చాడు, చూశాడు, వెళ్లాడు. తొట్టి వైపు తిరిగి కూడా చూడలేదు. పొద్దు గూకే వేళకు బర్రె మేత నుంచి వచ్చి కడుపు నిండా తాగింది. తెల్లవారేసరికి నోట నురగ, ఒళ్లంతా వణుకు. కాళ్లు కొట్టుకుంటూ పడిపోయింది. పశువుల డాక్టరు వచ్చి సూది వేశాడు. మూడు రోజులకు బర్రె లేచింది. కడుపులోని దూడ మాత్రం చచ్చి పుట్టింది. అవ్వ ఆ దూడను ఒళ్లో పెట్టుకుని, తన కొంగుతో దాని మూతి తుడుస్తూ కూర్చుంది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

తర్వాత తొట్టి కడుగుతుంటే అడుగు సందుల్లో తెల్లటి మడ్డి కనిపించింది. అవ్వ దాన్ని గోటితో గీకి, అరచేతిలో పెట్టుకుని, ఎదురింటి గుమ్మంలోకి నడిచింది.

"హుస్సేన్‌బీ, సున్నం బకెట్ కడిగిన నీళ్లు నా తొట్ల పోసినవా?"

"లే అవ్వా! కడుగు నీళ్లే పోసిన. చెయ్యి పెట్టి సూసిన. అల్లా కసమ్."

"మరి గిదేంది? నీ చేతులు సూసుకో ఒక్కసారి."

హుస్సేన్‌బీ తన చేతులు చూసుకుంది. ఆమె గోళ్ల సందుల్లో ఇంకా సున్నం ఉంది. గల్లీ అంతా గుమ్మాల్లో నిలబడి చూస్తోంది. అవ్వ వెనక్కి తిరిగి నన్ను పిలిచింది. "ఏం బిడ్డా, నువ్వు ఇంట్లనే ఉంటివి గద. ఇంకెవరన్న ఏమన్న పోసిన్రా?" నేను తల అడ్డంగా ఊపాను. నోటితో చెప్పలేదు కదా అని తర్వాత ఎన్నోసార్లు నాకు నేను సర్దిచెప్పుకోవాలని చూశాను. ఆ సర్దుబాటు ఒక్క రోజు కూడా నిలబడలేదు. మహమూదా వాళ్లమ్మ కుచ్చిళ్లు పట్టుకుని నావైపే చూస్తోంది.

వారం తిరక్కుండా మా గల్లీకి నల్లా వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. హుస్సేన్‌బీ అందరూ పట్టుకున్నాక, గల్లీ ఖాళీ అయ్యాక వచ్చి నీళ్లు పట్టుకునేది. మా తొట్టిలో మళ్లీ ఆ ఇంటి కుడితి పడలేదు. మా సల్ల చెంబు ఆ ఇంటికి పోలేదు. నేనూ మహమూదా ఒకే బడికి గల్లీలో ఒకరు ఆ పక్కనా ఒకరు ఈ పక్కనా నడిచి పోయాం. చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. రేపు చెబుదాం, పరీక్షలయ్యాక చెబుదాం, పెళ్లయ్యాక పరాయి ఊరి నుంచి వచ్చి చెబుదాం అనుకుంటూనే అవ్వ పోయింది. హుస్సేన్‌బీ పోయిందని తెలిసినప్పుడు మట్టికి వచ్చాను. ఆడవాళ్ల మధ్య మహమూదా పక్కన కూర్చున్నాను. అప్పుడూ చెప్పలేదు. చావింట్లో ఇలాంటివి మాట్లాడకూడదని అనుకున్నాను. పిరికితనం ఎప్పుడూ మర్యాద మాటే చెబుతుంది.

స్టేషన్ నుంచి ఆటోలో వచ్చి గల్లీలోకి అడుగు పెట్టగానే నాకు నవ్వు, భయం రెండూ వచ్చాయి. అవార్డు వచ్చిన ఊరు పండగ చేసుకుంటుందనుకున్నాను. ఇక్కడ ప్రతి మనిషీ ఎప్పుడు దొరికిపోతానో అన్నట్టున్నాడు. చాయ్ హోటలాయన తాగినవాళ్ల వెంటపడి కాగితం గ్లాసులు గుంజుకుంటున్నాడు. ఒకావిడ అరుగు మీద మిరపకాయలు ఆరబెట్టి, ఎవరో చూశారని మళ్లీ ఎత్తి లోపల పెట్టుకుంది. పటాకులు కొందామన్న పిల్లల్ని "కాయిదాలు పడ్తయ్, ఎవడు ఏరుతడు?" అని కసిరారు. తడి చెత్తకు ఆకుపచ్చ బకెట్, పొడి చెత్తకు నీలం బకెట్ ఇంటింటికీ వరసగా ఉన్నాయి గాని వాటిలో చెత్త వేయడానికి అందరికీ భయం. బకెట్ మురికి అవుతుందట. గల్లీ బండలను మూడోసారి కడుగుతున్నారు. అవార్డు రాకముందు ఎవరికీ ఈ ఫికర్ లేదు. వచ్చాక, అది తన చేతుల మీదుగా పోతుందేమోనన్న బెంగ ఇంటింటికీ పాకింది. ఆనాడు నల్లా రాదేమోనని భయపడ్డాం. నీళ్ల కోసం భయపడటంలో అర్థం ఉంది. ఇప్పుడు ఇంట్లో తిప్పితే నీళ్లొస్తాయి. ఆ పాత నల్లా మూతి మొండిగా గోడకు మిగిలింది. భయం మాత్రం అదే కొలతలో ఉంది.

యాదమ్మ తొట్టి అంచు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూడగానే కళ్లు ఒత్తుకుంది. మా తమ్ముడు బర్రెలను తోలుకుని వాగు దిక్కు పోయాడట. "రెండు బర్రెల పాలతోనే ఇల్లు నడుస్తున్నది వదినె. గల్లీ కుడిది బంద్ అయితే దాణా కొని పెట్టే తాకత్ మాకెక్కడిది?" అంది. గల్లీ మంచిచెడ్డలు చూసే అంజయ్య కూడా వచ్చాడు. బండల షెడ్డు నడుపుతాడు. చెడ్డవాడు కాదు, రాత్రంతా నిద్రలేని కళ్లు.

"అక్కా, నీకు తెల్వది. ఊరు మొత్తంల మన గల్లీ నుంచే తక్కువ చెత్త వస్తున్నదని రాసుకున్నరట. అందుకే వాళ్లు మన గల్లీ సూస్తమన్నరు. రేపు గీ తొట్టి ఫోటోల పడితే ఊరి ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు.

"తక్కువ చెత్త ఎందుకొస్తదో అడిగిన్రా అంజయ్యా?" అన్నాను.

అతను తొట్టి వైపు చూసి గొంతు తగ్గించాడు. "నాకెర్కలేదా అక్కా? మా ఇంటి కడుగు గూడ గిండ్లనే పడ్తది. గాని కుడిది అంటే వాళ్లకు సమజ్ అయితదా? పాచి నీళ్లు అనుకుంటరు."

చాలాసేపు వాదించాను. టీచరు ఉద్యోగం మిగిల్చింది ఆ ఒక్క విద్యే. చివరికి అంజయ్య దిగివచ్చాడు. "సరే, తియ్యం. రేపు వాసన రాకుండ జర బ్లీచింగ్ పౌడర్ ఏసి మీద బండ మూత పెడుదాం. వాళ్లు పోయినంక కడుక్కోన్రి" అన్నాడు. యాదమ్మ ముఖం విప్పారింది. "గట్లయితే మంచిదే వదినె, ఒక్క దినమే గద!" అని ఇంట్లోకి చూసి మూత కోసం కేక వేసింది. తొట్టి దక్కిందన్న సంతోషంలో ఆమెకు ఇంకేమీ కనబడటం లేదు. అంజయ్య చేతిలోని పొట్లం విప్పి తొట్టి మీదికి వంచాడు. తెల్లటి పొడి.

"ఆగు!" అని అరిచి అతని మణికట్టు పట్టుకుని లాగాను. పొడి అంతా మూడుసార్లు కడిగిన బండల మీద పడింది. గల్లీ గుమ్మాలన్నీ తెరుచుకున్నాయి. ఎదురింటి పరదా కూడా తొలగింది. మహమూదా బయటికి వచ్చి నిలబడింది.

"ఏందక్కా గిట్ల చేసినవ్? కడిగితే పోతది గద!" అన్నాడు అంజయ్య, కింద పడ్డ పొడిని చూసి దాదాపు ఏడుపు ముఖంతో.

"పోదు. సున్నం సందులల్ల నిలుస్తది. బర్రె నాకుతది."

"నీకెట్ల తెల్సు?"

ఇప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. పుస్తకంలో చదివాననవచ్చు. మహమూదా నావైపే చూస్తోంది. తల నెరిసింది, చూపు మాత్రం వాళ్లమ్మ కుచ్చిళ్లు పట్టుకుని చూసిన చూపే. అంజయ్యకు కాదు, ఆమెకే చెప్పాను. "మీ అమ్మ సున్నం నీళ్లు పొయ్యలే మహమూదా. ఆ రోజు మందు పొడి ఏసింది నేను. అవ్వ అడిగితే చెయ్యి పెట్టి సూసిన అని అబద్ధం చెప్పిన. మీ గుమ్మంల అడిగితే గూడ చెప్పలే."

యాదమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మహమూదా మెట్టు దిగి గల్లీ మధ్య దాకా వచ్చింది. కేకలు వేస్తుందనుకున్నాను, వేస్తే బాగుండుననుకున్నాను. ఆమె గొంతు మెల్లగా ఉంది.

"అమ్మ మంచాన పడ్డప్పుడు గూడ అడుగుతుండె బాలమణి. 'ఆ రోజు నేనే మర్చిపోయి సున్నం బకెట్ల కడుగు పోసిన్నా బేటీ? నాకు యాదికొస్తలే' అని. లే అమ్మా, నువ్వు పొయ్యలే అంటుంటి. నాకేం తెల్సు? ఊకె అంటుంటి. మళ్ల ఇంటికి సున్నం ఎయ్యనే లేదు ఆమె. చేతులు సూసుకుంటుండె." తొట్టి వైపు చూసి మళ్లీ నావైపు తిరిగింది. "మట్టికి గూడ వచ్చినవ్. నా పక్కకే కూసున్నవ్."

అవ్వ నిందను హుస్సేన్‌బీ తోసిపుచ్చిందనే నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆమె నిజం ఆమెకు తెలుసు, అదైనా ఆమె దగ్గర ఉంది అనుకుని ఎన్ని రాత్రులు నిద్రపోయానో. ఆ నిజాన్ని కూడా ఆమె చేతుల్లోంచి నేనే తీసేశానని అప్పుడు తెలిసింది. ఏడుపు వచ్చింది. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుందని బిగబట్టుకున్నాను. మహమూదా తిరిగి లోపలికి వెళ్లిపోయింది. పరదా పడింది.

అంజయ్య వంగి, కింద పడ్డ పొడిని చేటలోకి ఊడ్చి, పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఉండనీ అక్కా. మూత ఒక్కటే పెడుదాం. అడిగితే నేనే చెప్త, బర్రెలకు పెట్టే కుడిది అని" అన్నాడు. అన్నాడే గాని రేపు ఏమవుతుందోనన్న భయం అతని ముఖంలో అలాగే ఉంది. నాకు మాత్రం ఆ గడియలో అవార్డు ఉన్నా ఊడినా ఒకటే అనిపించింది. ఎదురింటి పరదా వైపే చూస్తూ నిలబడ్డాను. ఇక ఈ గల్లీకి నేను ఏ ముఖంతో రావాలి అనుకుంటున్నాను.

పరదా మళ్లీ కదిలింది. మహమూదా బకెట్ మోసుకుంటూ వచ్చింది. తడి చెత్త బండి కోసం ఉంచిన ఆకుపచ్చ బకెట్ అది. బియ్యం కడుగు, సొరకాయ చెక్కు, ఎండిన రొట్టె ముక్కలు. ఆ రోజు తర్వాత ఆ ఇంటి కుడితి మా తొట్టి దగ్గరికి రావడం అదే మొదటిసారి. దాన్ని తొట్టిలో పోయలేదు. తెచ్చి నా కాళ్ల ముందు పెట్టింది.

"పెట్టు చెయ్యి" అంది.

గాజులు పైకి తోసుకుని కూర్చున్నాను. నీళ్లు చల్లగా, పుల్లగా ఉన్నాయి. మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగంతా తడిమాను. గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే సొరగింజ. పక్కన పెట్టి మళ్లీ వెతికాను. మహమూదా నా ఎదుటే నిలబడి నా చేతినే చూస్తోంది.

"సూసినవా?"

"సూసిన."

ఆమె కదల్లేదు.

"ఇంకోసారి సూడు" అంది.

మళ్లీ చెయ్యి పెట్టాను.